రోమ్ గేముల్లో మనం పెట్టుకునే సొంత రూల్స్: ఏది మేలు?

రోమ్: టోటల్ వార్ అనే కంప్యూటర్ యుద్ధ గేము ఆడేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ పరిస్థితి వస్తుంది. ఇటలీ చేతిలో ఉంటుంది, ప్రత్యర్థి కార్తేజ్ పని అయిపోతుంది, ఖజానా నిండిపోతుంది. ఇంక ఎవరి మీదికి వెళ్లినా గెలుపు ఖాయం. గెలవడానికి కావాల్సిన యాభై ప్రావిన్సుల్లో సగం కూడా పూర్తికాకముందే ఆసక్తి చచ్చిపోతుంది. ఇది 2004 నాటి ఆట. ఇన్నేళ్ల తర్వాత కూడా జనం దీన్ని వదలకుండా ఆడుతున్నారంటే అందులో పెద్ద వాటా సొంత రూల్స్‌దే. ఆట మనల్ని ఆపని చోట మనమే ఆగుతాం. ఆ కాలపు మనిషి ఇలా చేసేవాడా అని మనల్ని మనమే అడిగి మరీ టర్ను (ఆటలో మన వంతు) ముగిస్తాం.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను, మా మేనత్త కొడుకు విజయవాడ మొగల్రాజపురంలో ఉంటాడు. ఒకే సేవ్ ఫైల్‌ని ఇద్దరం మార్చుకుంటూ ఆడతాం. ఏ రూల్ మంచిదన్న దాని మీద మాకు వాదన తెగదు. ఈ పోలిక ఆ వాదనల్లోంచి వచ్చిందే.

ముందు ఒక సంగతి తేల్చేద్దాం. ఓడిపోగానే పాత సేవ్ లోడ్ చేయకూడదన్నది పోటీలో పెట్టాల్సిన రూల్ కాదు. అది లేకపోతే మిగతావి ఏవీ నిలబడవు. ఓటమిని చెరిపేసుకునే వీలున్నప్పుడు ఎన్ని నియమాలు రాసుకున్నా కాగితం మీదే ఉంటాయి. కరెంటు పోయి ఆట మధ్యలో ఆగితే తప్ప వెనక్కి వెళ్లకండి.

ఎక్కువమంది మొదట పట్టుకునేవి అంకెల రూల్స్. సైన్యంలో ఫలానా దళాలు ఇన్నికి మించకూడదు, ఖజానాలో ఇంతకు మించి ఉంచకూడదు, ఇలాంటివి. వీటికి చరిత్ర ఆధారం బాగానే ఉంది. రోమ్ రిపబ్లిక్ రోజుల్లో ఒక కాన్సుల్ (ఏడాదికి ఎన్నికయ్యే అత్యున్నత అధికారి) వెంట మామూలుగా రెండు లీజియన్లు, అంటే రోమన్ సేనా విభాగాలు, నడిచేవి. లీజియన్‌కి సుమారు 4,200 మంది కాల్బలం, 300 గుర్రాలు. వాళ్లకు తోడు దాదాపు అంతే సంఖ్యలో ఇటలీ మిత్రరాజ్యాల సైనికులు. అందుకని ఇరవై దళాల సైన్యంలో పది మాత్రమే రోమన్ పౌరులవి, మిగతా పది స్థానికులవో కిరాయివాళ్లవో ఉండాలని రూల్ పెట్టుకోవచ్చు. ఇది మంచి రూల్. యుద్ధం రూపు మారుతుంది, సైన్యం చూడ్డానికి కూడా నిజంగా అనిపిస్తుంది.

మన వైపు రాజ్యాలకూ ఇలాంటి లెక్క దొరుకుతుంది. ఆంధ్రులకు ప్రాకారాలున్న 30 నగరాలు, లక్ష కాల్బలం, 2,000 అశ్వబలం, 1,000 ఏనుగులు ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అంటే రెండు గుర్రాలకు ఒక ఏనుగు! ఇంపరేటర్: రోమ్ అనే ఇంకో గేము మ్యాపులో భారతదేశం ఉంది కాబట్టి, దక్కన్‌లో ఏ రాజ్యం తీసుకున్నా ఈ నిష్పత్తితో సైన్యం కట్టి చూడండి. గుర్రాలు తక్కువైనప్పుడు పారిపోయే శత్రువును వెంటాడటం ఎంత కష్టమో తెలిసొస్తుంది.

కానీ అంకెల రూల్‌తో నాకు తృప్తి లేదు. అది ఆటను కష్టం చేస్తుందే గానీ కొత్త కథను పుట్టించదు. నాలుగు యుద్ధాలు చేశాక ఆ పరిమితిలోనే గెలిచే పద్ధతి దొరికిపోతుంది. అక్కడి నుంచి మళ్లీ పాత విసుగే.

ఋతువుల రూల్ దీనికన్నా ఒక మెట్టు పైన. రోమ్: టోటల్ వార్‌లో ఏడాదికి రెండు టర్నులు, వేసవి ఒకటి, చలికాలం ఒకటి. చలికాలం టర్నులో సైన్యం మొత్తం ఏదో ఒక నగరంలోనో కోటలోనో ఉండాలన్నది రూల్. మా బావ దీనికి ఒక సవరణ తెచ్చాడు. ఎడారి ప్రాంతాల్లో మాత్రం లెక్క తిరగబడాలి, అక్కడ వేసవిలోనే కదలకూడదు అన్నాడు. “మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర పది నిమిషాలు నిలబడి రారా, ఆ తర్వాత అరేబియా మీద వేసవి దండయాత్ర గురించి మాట్లాడదాం” అని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అగస్టస్ కాలంలో ఈజిప్టు గవర్నర్ ఏలియస్ గాలస్ అరేబియా మీదికి వెళ్లినప్పుడు జరిగింది కూడా అదే. యుద్ధంలో పోయినవాళ్ల కంటే రోగాలు, దాహం, ఆకలితో పోయినవాళ్లే చాలా ఎక్కువ. ఆ సవరణ మా రూల్స్‌లో ఉండిపోయింది.

నేను మనస్ఫూర్తిగా సిఫార్సు చేసేది మాత్రం పదవి రూల్. రోమ్‌గా ఆడేటప్పుడు ఏ జనరల్ అయినా ఒక ఏడాదే సైన్యాన్ని నడపాలి. ఏడాది కాగానే దిగిపోవాలి, మళ్లీ పదేళ్ల దాకా అతనికి సైన్యం ఇవ్వకూడదు. కొత్త కాన్సుల్‌కి కనీస వయసు కూడా ఉండాలి. నిజం రోమ్‌లో క్రీ.పూ. 180లో వయసుల చట్టం వచ్చింది, క్రీ.పూ. మొదటి శతాబ్దపు రాజకీయవేత్త సిసిరో నాటికి కాన్సుల్ కావాలంటే 42 ఏళ్లు నిండాలి. ఆటలో జనరల్స్ 16 ఏళ్లకే చేతికొస్తారు, అరవై దాటితే ఎప్పుడు పోతారో తెలియదు. అందుకని మేం ముప్పైకి దించాం.

ఈ రూల్ ఏం చేస్తుందో మా సిపియోల (ఆటలోని రోమన్ కుటుంబాల్లో ఒకటి) క్యాంపెయిన్‌లో జరిగినది చెబితే అర్థమవుతుంది. సిసిలీలో సిరక్యూస్‌ను ముట్టడించాం. ముట్టడి వేసినవాడు నాలుగు స్టార్ల జనరల్, మంచి అనుభవం ఉన్నవాడు. ఇంకో రెండు టర్నుల్లో నగరం లొంగిపోతుందని స్క్రీన్ చూపిస్తోంది. అప్పుడే ఏడాది తిరిగింది. వరసలో ఉన్న తర్వాతివాడికి ఒక్క స్టార్ కూడా లేదు. పైగా పిరికివాడన్న గుణం. ఆ ఏడాది ఆట బావది. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

“ఏరా, వీడి చేతికా ఇంత సైన్యం ఇచ్చేది? ఇంకో ఏడాది పాతవాణ్నే ఉంచుదాంరా.”

“రూల్ మనం పెట్టుకున్నదే కదా బావా. కావాలంటే గవ్వలు వెయ్.”

ఈ గవ్వల వెనకున్న పొడిగింపు సంగతి రోమన్ల దగ్గర నుంచి తెచ్చుకున్నదే. క్రీ.పూ. 327లో కాన్సుల్ పబ్లిలియస్ ఫిలో నేపుల్స్ పక్కనున్న పాలెపొలిస్‌ను ముట్టడిస్తూ ఉండగా అతని ఏడాది అయిపోవచ్చింది. మధ్యలో వెనక్కి పిలిస్తే ముట్టడి పాడవుతుందని, యుద్ధం ముగిసేదాకా కాన్సుల్ స్థానంలో కొనసాగమని తీర్మానం చేశారు. ప్రోకాన్సుల్ అనే ఏర్పాటు అలా వచ్చింది. తర్వాత నిజం సిరక్యూస్‌ను క్రీ.పూ. 212లో పట్టుకున్న మార్సెల్లస్ కూడా అలా పొడిగింపు మీద ఉన్నవాడే. మరి ఆటలో సెనేట్ (రోమ్ పెద్దల సభ) మనసు ఎవరు చెప్పాలి? మనమే చెప్పుకుంటే ప్రతిసారీ పొడిగింపే వస్తుంది. అందుకని ఇంట్లో ఉన్న అష్టాచెమ్మా గవ్వలు నాలుగు వేస్తాం. మూడు గానీ నాలుగూ గానీ వెల్లకిలా పడితేనే ఇంకో ఏడాది.

ఆ రాత్రి ఒక్కటే వెల్లకిలా పడింది. పాత జనరల్ మా నగరం మెస్సానాకు తిరిగొచ్చాడు. పిరికివాడు సైన్యాన్ని అందుకున్న టర్నులోనే నగరం లోపలివాళ్లు తలుపులు తీసుకుని బయటికొచ్చి కొట్టారు. జనరల్ పారిపోయాడు, సైన్యంలో సగం పోయింది, ముట్టడి ఎత్తేశాం. సిరక్యూస్ మా చేతికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది, పట్టినవాడు వేరే ఎవరో. మొత్తం క్యాంపెయిన్‌లో ఎన్నో నగరాలు పట్టుకున్నాం గానీ వాటిలో ఏది ఎలా పడిందంటే నేను చెప్పలేను. సిరక్యూస్ గురించి మాత్రం ప్రతి టర్నూ చెప్పగలను.

పదవి రూల్ మేలని నేననేది ఇందుకే. అంకెల రూల్‌లో నిర్ణయం ఇంకా మన చేతిలోనే ఉంటుంది, వనరులు తగ్గుతాయంతే. పదవి రూల్‌లో ఎవరు నడపాలన్న నిర్ణయమే మన చేయి దాటిపోతుంది. మంచి జనరల్ ఊళ్లో ఖాళీగా కూర్చుని ఉండగా చేతకానివాడు సైన్యాన్ని పోగొట్టడం చూస్తూ ఉండాలి. రోమన్లు నిజంగా భరించింది కూడా అదే.

దీనికి ఒక లోపం ఉంది. ఆట క్యాలెండర్ కలిసిరావాలి. 2013లో రోమ్ 2 వచ్చినప్పుడు దాని పెద్ద క్యాంపెయిన్‌లో టర్నుకు ఒక ఏడాది. అక్కడ ఏడాది పదవి అంటే జనరల్ ఊరి పొలిమేర దాటేసరికి దిగిపోవాలి. అక్కడ ఏడాదికి బదులు ఒక జనరల్‌కి ఒక యుద్ధం అని మార్చుకోవాలి. అభిమానులు రోమ్: టోటల్ వార్‌ను మార్చి చేసిన, ఏడాదికి నాలుగు టర్నులుండే యూరోపా బార్బరోరమ్ మోడ్ ఈ రూల్‌కి చక్కగా సరిపోతుంది. ఓపిక ఉన్నవాళ్లు నేరుగా దానికే వెళ్లండి.

బావ ఓటు స్వభావం రూల్‌కి. జనరల్‌కి ఆట ఇచ్చిన గుణాలను బట్టి వాడు ఏం చేస్తాడో మనం అదే చేయాలి. కోపిష్ఠి రాయబారం పంపడు. లోభి నగరంలో వినోదాల మీద ఖర్చు పెట్టడు. దుడుకువాడు ఎదురుగా శత్రువు కనిపిస్తే ఆగడు. రాజులున్న ఫ్యాక్షన్లకు (ఆటలోని పక్షాలకు) ఇది నిజంగా గొప్ప రూల్, ఒప్పుకుంటాను. గ్రీకు రాజ్యం ఎపిరస్ తీసుకుని దాని రాజు పిర్రస్‌లా ఆడాలంటే పదవి రూల్ పనికే రాదు. క్రీ.పూ. 280లో ఇటలీలో దిగి, హెరాక్లియాలో, తర్వాతి ఏడు ఆస్కులంలో గెలిచి, ఆ పని తేలకుండానే సిసిలీకి వెళ్లిపోయిన మనిషి అతను. అలాంటివాణ్ని ఆడాలంటే స్వభావమే పట్టుకోవాలి.

ఇబ్బంది ఎక్కడంటే, గుణాన్ని మనకు అనుకూలంగా చదువుకోవడం చాలా తేలిక. దుడుకువాడికి ఓటమి ఖాయమని కనిపించగానే, వీడు దుడుకువాడే గానీ తెలివితక్కువవాడు కాదు కదా అనిపిస్తుంది. ఒక్కడే ఆడేటప్పుడు అడ్డు చెప్పేవాళ్లుండరు. అందుకని కొత్త రాజు రాగానే అతను చేయనివి మూడు కాగితం మీద రాసి పెట్టుకోండి. అతను చనిపోయేదాకా ఆ కాగితం మార్చకూడదు.

ఇక అన్నిటికన్నా తక్కువమంది పాటించేది గెలిచీ కలుపుకోని రూల్. క్రీ.పూ. 197లో మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్‌ను ఓడించిన రోమన్ సేనాని ఫ్లమినినస్, మరుసటి ఏడాది గ్రీకు నగరాలు స్వతంత్రమని ప్రకటించాడు. 194లో రోమన్ సైన్యం గ్రీస్ వదిలి వెళ్లిపోయింది. మనమైతే అదే టర్నులో పన్ను రేటు పెంచి ఉండేవాళ్లం.

మౌర్యులుగా ఆడేవాళ్లకు ఇంకా లోతైన ఉదాహరణ ఉంది, అశోకుడి 13వ శిలాశాసనం. కళింగలో లక్ష మంది చనిపోయారని, లక్షన్నర మందిని తరలించారని రాజు తానే చెప్పుకున్నాడు. కొడుకులు, మునిమనవలు కొత్త విజయాల గురించి ఆలోచించకూడదన్నాడు. ఆ శాసనంలో ఆంధ్రుల పేరు కూడా ఉంది. అయితే కళింగను మాత్రం తిరిగి ఇవ్వలేదు, అడవి జాతులను హెచ్చరించడమూ మానలేదు. కాబట్టి రూల్ ఇలా పెట్టుకోవాలి: ఒక్క పెద్ద యుద్ధం, ఆ తర్వాత ఒక్క ప్రావిన్స్ కూడా కొత్తగా తీసుకోకూడదు. సైన్యం మాత్రం ఉంచుకోవచ్చు, ఎవరైనా మీదికొస్తే కొట్టొచ్చు. ఇంపరేటర్ క్రీ.పూ. 304లో చంద్రగుప్తుడితో మొదలవుతుంది గనక అంతదాకా రావడానికి చాలా ఆడాలి. ఆ తర్వాత మిగిలేది రోడ్లు, నగరాలు, గవర్నర్ల విధేయత. ఇవి మీకు నచ్చితే ఇంతకు మించిన రూల్ లేదు, నచ్చకపోతే వారంలో వదిలేస్తారు.

నా లెక్క ఇది. రోమ్, కార్తేజ్ లాంటి రిపబ్లిక్కులకు పదవి రూల్, దాని పక్కనే ఋతువుల రూల్. గ్రీకు రాజ్యాలకు స్వభావం రూల్, కాగితం మీద రాసుకుని. అంకెల రూల్ విడిగా వద్దు, పైవాటికి తోడుగా పర్లేదు. అన్నీ ఒకేసారి పెట్టుకుంటే టర్ను ముగించడానికే గంట పడుతుంది, రెండు చాలు.

బావ ఇంకా ఒప్పుకోలేదు. పదవి రూల్‌ని, రోమన్లు హన్నిబాల్ చేతిలో ఓడిన కన్నీ యుద్ధంలో జరిగినట్టు ఆడదామంటున్నాడు. క్రీ.పూ. 216లో అక్కడ కాన్సుల్స్ వర్రో, పౌలస్ రోజు విడిచి రోజు సైన్యాన్ని నడిపారు కదా, మనం టర్ను విడిచి టర్ను ఒకే సైన్యాన్ని నడుపుదాం, ప్లాన్ ఏంటో ఒకరికొకరం చెప్పుకోకూడదు అని. నేను సరే అన్నాను. ఈసారి మేం బ్రూటీలనే ఇంకో రోమన్ కుటుంబం, మొదటి టర్ను బావది.