ఆరేళ్లుగా వాడుతున్న పిండాభివృద్ధి నమూనాల సెట్టు

హనుమకొండలో నర్సింగ్ విద్యార్థినులకు ప్రసూతి పాఠాలు చెబుతాను. ఈ సెట్టు 2019లో కొన్నాను. అండం నుంచి గర్భాశయ పొరలో నాటుకున్న పిండం దాకా ఎనిమిది ప్లాస్టిక్ నమూనాలు, అయస్కాంతాలతో అంటుకునే ఒక పలక.

పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది బ్లాస్టోసిస్ట్, అంటే ఫలదీకరణ తర్వాత ఐదో రోజు దశ. రెండుగా విడదీస్తే లోపల ఖాళీ, ఒక పక్కకు చేరిన కణాల గుత్తి, చుట్టూ పలుచని పొర. గుత్తి బిడ్డకు మూలం, చుట్టుపొర మాయకు (ప్లాసెంటాకు) మూలం. పుస్తకంలో బట్టీ పట్టిన పిల్లలకు కూడా వేలితో తడిమాకే అర్థమవుతుంది.

దానికి ముందు దశ అయిన కణాల ముద్ద, మొరులా మాత్రం శుద్ధ తప్పు. చూడటానికి సీతాఫలంలా ముద్దుగా ఉంటుంది కానీ, ఫలదీకరణ చెందిన అండానికి రెట్టింపు పరిమాణంలో చేశారు. నిజానికి కణాలు రెండు, నాలుగు, ఎనిమిది అవుతున్నా మొత్తం పెరగదు, జోనా పెల్లూసిడా అనే పొర లోపలే విభజన జరుగుతుంది. అందుకే చపాతీ పిండి ముద్దను చిన్న సంచిలో వేసి చూపిస్తాను. తీసి ఎనిమిది ఉండలు చేసినా మళ్లీ అదే సంచిలో పడతాయి.

మా ఎండలకు రెండో వేసవికే అయస్కాంతాల జిగురు వదిలింది. పలక మీద అండవాహికలో పెట్టిన ముక్క జారి గర్భాశయంలో పడుతుంది. మూడు నాలుగు రోజుల ప్రయాణం క్షణంలో ముగిసిందని క్లాసంతా నవ్వుతుంది. అమ్మిన వాళ్లకు రెండుసార్లు ఫోను చేశాను, పలకలేదు.

అసలు చిక్కు రోజుల లెక్కతో వచ్చింది. నమూనాల మీద ఫలదీకరణ నుంచి లెక్క ముద్రించారు. ఆసుపత్రిలో చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఓసారి డ్యూటీ నుంచి వచ్చిన విద్యార్థిని అక్కడి ఒక గర్భిణి గురించి గొంతు తగ్గించి అడిగింది: "మేడం, ఆమె భర్త గల్ఫ్ నుంచి వచ్చి నెల రోజులే. స్కాన్‌లో ఆరు వారాలని ఉంది, ఎలా?" లెక్కలో ఎక్కువగా కనబడే ఆ రెండు వారాలూ ఫలదీకరణకు ముందువే అని చెప్పాక ఊపిరి పీల్చుకుంది. ఈ మాట ఆ ఇంటివాళ్ల ముందు అని ఉంటే?

ఆ సాయంత్రమే ప్రతి నమూనా అడుగున రెండు లెక్కలు రాశాను. ఇరవై ఎనిమిది రోజుల నెలసరి అనుకుంటే, బ్లాస్టోసిస్ట్ కింద ఫలదీకరణ నుంచి లెక్క నల్ల సిరాలో 5, నెలసరి నుంచి లెక్క ఎర్ర సిరాలో 19.