ఇంట్లో వాడే 20 శాతం గ్లైకాలిక్ యాసిడ్ ప్యాడ్లు: చామనచాయ చర్మానికి ఎంతవరకు పనికొస్తాయి?

గ్లైకాలిక్ యాసిడ్‌లో తడిపి డబ్బాలో పేర్చి అమ్మే గుండ్రటి ప్యాడ్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో విరివిగా దొరుకుతున్నాయి. వాటిలో 5, 10 శాతం రకాలతో పాటు 20 శాతం, అంతకు మించిన ఘాటు రకాలు కూడా ఉన్నాయి. నేను వాడినవి ఒక విదేశీ కంపెనీ తయారుచేసిన 20 శాతం ప్యాడ్లు. మొటిమలు తగ్గాక బుగ్గల మీద మిగిలిపోయిన నల్లమచ్చల కోసం వాటిని కొని, విజయవాడలో చలికాలమంతా వాడి, శివరాత్రి దాటి ఎండలు ముదరకముందే ఆపేశాను. పనిచేస్తాయా అని అడిగితే చేస్తాయనే చెబుతాను. అయితే డబ్బా మీద రాసిన పద్ధతిలో వాడమని మాత్రం మన చాయ ఉన్నవారెవరికీ చెప్పలేను.

గ్లైకాలిక్ యాసిడ్ చెరకులో సహజంగా ఉండే ఆమ్లం. ఇది ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాలనే కుటుంబానికి చెందింది. వాటన్నిటిలోనూ దీని అణువే చిన్నది కాబట్టి చర్మంలోకి త్వరగా దిగుతుంది. పై పొరలోని మృతకణాలను అంటిపెట్టుకుని ఉంచే బంధాలను సడలించి, అవి రాలిపోయేలా చేస్తుంది. 1974లో అమెరికా చర్మవైద్యుడు యూజీన్ వాన్ స్కాట్, ఆయన సహచరుడు రూయీ యూ పొలుసుల వ్యాధి అయిన ఇక్తియోసిస్‌పై ఈ ఆమ్లాలు చూపే ప్రభావాన్ని ప్రచురించిన తరువాతే ఇవి చర్మవైద్యంలో, ఆ వెనుక సౌందర్య సాధనాల్లో స్థిరపడ్డాయి. అంటే ఈ ఆమ్లానికి యాభై ఏళ్ల వైద్య చరిత్ర ఉంది. ఇబ్బందల్లా దాన్ని ఎంత ఘాటుగా, ఎంతసేపు, ఎవరి చేతుల మీదుగా వాడుతున్నామన్న దగ్గరే వస్తుంది.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 20 శాతం అన్న అంకె ఒక్కటే చూసి ఘాటును అంచనా వేయడం కుదరదు. పీహెచ్ అనే కొలత ఎంత తక్కువగా ఉంటే ద్రావణం అంత పుల్లన, అంత ఘాటు. ద్రావణం పీహెచ్ 3.8 దగ్గర ఉంటే అందులోని ఆమ్లంలో సుమారు సగమే స్వేచ్ఛగా ఉంటుంది. మిగతా సగం లవణ రూపంలో ఉండి చర్మంలోకి అంతగా దిగదు. అదే పీహెచ్ 3కు తగ్గితే ఆమ్లంలో 87 శాతం దాకా స్వేచ్ఛగానే ఉంటుంది. కాబట్టి ఒకే అంకె ముద్రించిన రెండు డబ్బాల్లో ఒకటి చర్మం మీద 10 శాతంగానూ మరొకటి 17 శాతంగానూ పనిచేసే అవకాశం ఉంది. నా డబ్బా మీద పీహెచ్ ఎక్కడా లేదు. కంపెనీకి రాసి అడిగితే అది తమ ఫార్ములాకు సంబంధించిన రహస్యమని జవాబిచ్చారు. ముఖానికి ఆమ్లం రాసుకోమని అమ్మేవారు దాని ఘాటును దాచిపెట్టడం నాకు ఏ కోశానా సమంజసంగా అనిపించలేదు.

అమెరికాలో సౌందర్య సాధనాల్లోని పదార్థాల భద్రతను పరిశీలించే కాస్మెటిక్ ఇంగ్రీడియెంట్ రివ్యూ నిపుణుల సంఘం, వినియోగదారులు స్వయంగా వాడుకునే ఉత్పత్తుల్లో ఈ ఆమ్లం 10 శాతానికి మించకుండా, పీహెచ్ 3.5కు తగ్గకుండా ఉంటేనే సురక్షితమని తేల్చింది. శిక్షణ పొందినవారు సెలూన్‌లో కొద్దిసేపు పెట్టి కడిగేసే పీల్స్‌కు (చర్మం పై పొరను ఒలిచే ఆమ్ల పూతలకు) 30 శాతం, పీహెచ్ 3 వరకు ఒప్పుకుంది. వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఘాటైన కెమికల్ పీల్స్ కొనవద్దనీ వాడవద్దనీ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది. ఈ లెక్కన 20 శాతం ప్యాడ్ ఇంటి సరుకు కాదు, సెలూన్ సరుకు. డబ్బా వెనుక మాత్రం రాత్రి ముఖానికి రాసుకుని కడగకుండా అలాగే పడుకోవచ్చని రాసి ఉంది.

నేను ఆ సూచనను పక్కనపెట్టి, మా చర్మవైద్యురాలిని అడిగి, రాసి కడిగేసే పద్ధతినే పాటించాను. ముందుగా చెవి వెనుక కొద్దిగా రాసి రెండు రోజులు ఆగి చూశాను. ఆ తరువాత వారానికి ఒక్క రాత్రి మాత్రమే, ముఖం కడుక్కుని పూర్తిగా ఆరాక, ముక్కు పక్క మడతల్లో, పెదవుల మూలల్లో, కళ్ల చుట్టూ వ్యాజలిన్ పూసుకుని, ప్యాడ్‌ను రుద్దకుండా ఒక్కసారి మెల్లగా తుడిచాను. మొదట్లో ఒక్క నిమిషం, తరువాత రెండు నిమిషాలు మించకుండా ఉంచి, చల్లటి నీళ్లతో ధారాళంగా కడిగేశాను. ఆమ్లాన్ని విరిచేందుకు వంటసోడా పొడి ముఖానికి రుద్దుకోమని కొందరు సలహా ఇస్తుంటారు. దాని అవసరం లేదు. అప్పటికే సున్నితపడిన చర్మానికి ఆ రాపిడి కొత్త దెబ్బ అవుతుంది.

ఈ ప్యాడ్లలో నాకు కనిపించిన పెద్ద లోపం గురించి ఎక్కువమంది రాయడం లేదు. డబ్బా నిలబెట్టి ఉంచితే ద్రావణమంతా అడుక్కు దిగిపోతుంది. పైన ఉన్న ప్యాడ్లు పొడిపొడిగా, చర్మం మీద గరుకుగా లాగుతుంటాయి. అడుగుకు చేరేసరికి ప్యాడ్ ఎత్తగానే బొట్లు కారుతాయి. పై ప్యాడ్‌తో కాస్త చురుక్కుమని ఊరుకునే చర్మం అడుగు ప్యాడ్‌తో నిప్పు తగిలినట్టు మండుతుంది. మొదటి నెలలో అలవాటైన ధైర్యంతో వాడేవారికి దెబ్బ తగిలేది ఇక్కడే. మూత గట్టిగా బిగించి, వాడే ముందు రోజు డబ్బాను తలకిందులుగా పెడితే తేడా చాలావరకు తగ్గుతుంది. కారుతున్న ప్యాడ్‌ను డబ్బా లోపలి అంచుకు నొక్కి పిండాకే ముఖానికి తాకించాలి. ఒక్కో ప్యాడ్‌ను విడిగా పొట్లం కట్టి అమ్మితే ఈ సమస్యే ఉండదు.

ఫలితం విషయానికి వస్తే, గడ్డం మీది గరుకుదనం, ముక్కు మీది నల్లటి చుక్కలు త్వరలోనే తగ్గాయి. బుగ్గల మీది మచ్చలు చలికాలం ముగిసేనాటికి బాగా పలచబడ్డాయి గాని పూర్తిగా పోలేదు. మొటిమల గుంటలలో ఏ మార్పూ లేదు, ఈ మోతాదులో ఆశించడం కూడా తగదు. జబ్బల వెనుక ఉండే గరుకు బొడిపెలకు మాత్రం ఈ ప్యాడ్లు చక్కగా పనిచేశాయి. అక్కడి చర్మం ముఖమంత సున్నితం కాదు కాబట్టి మిగిలిన ప్యాడ్లను అక్కడే వాడుతున్నాను. మెడ వెనుక నలుపు కోసం కొనేవారు మాత్రం ముందు షుగర్ పరీక్ష చేయించుకోవాలి. మెడ మందంగా, మఖమల్‌లా నల్లబడటం తరచుగా ఇన్సులిన్ నిరోధకతకు, అంటే శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి, గుర్తు. అది రుద్దితే పోయే మురికి కాదు.

మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కావడంతో ఎండకు కొంత రక్షణ ఉన్నా, కాస్త కాలినా కమిలినా ఆ చోట నల్లటి మచ్చ పడి నెలల తరబడి ఉండిపోతుంది. తెల్లచర్మం మీద రెండు రోజుల ఎరుపుతో పోయే మంట, మన ముఖం మీద పోగొట్టుకోవాలనుకున్న మచ్చ కంటే పెద్ద మచ్చను మిగల్చగలదు. మంగు మచ్చలున్నవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఈ ఆమ్లం వాడుతున్నన్ని రోజులూ, ఆపాక కనీసం వారం వరకూ చర్మం ఎండకు త్వరగా కందిపోతుంది కాబట్టి ఉదయం సన్‌స్క్రీన్ రాయకుండా గడప దాటకూడదు. ప్యాడ్ వాడిన వారంలో రెటినాల్, ట్రెటినాయిన్ వంటి విటమిన్ ఎ రకం క్రీములు, బ్లీచ్, వ్యాక్సింగ్, శనగపిండి నలుగు ఏవీ ముఖానికి తగలనివ్వకూడదు. తెల్లబడటానికని మందుల షాపులో చీటీ లేకుండా కొన్న స్టెరాయిడ్ క్రీములు వాడి చర్మం పలచబడినవారు వీటి జోలికే పోవద్దు. తుడిచిన చోట తెల్లటి పొర కట్టినట్టు కనిపించినా, కడిగాక గంట గడిచినా మంట తగ్గకపోయినా ఇంటి చిట్కాలు మానేసి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

మచ్చల కోసం తొలిసారి ఆమ్లం వాడేవారు అదే కుటుంబానికి చెందిన మాండెలిక్ యాసిడ్‌తో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. దాని అణువు గ్లైకాలిక్ కంటే రెట్టింపు బరువుతో నెమ్మదిగా దిగుతుంది కాబట్టి మంట తక్కువ. గ్లైకాలిక్కే కావాలనుకుంటే 10 శాతం లోపు రకం చాలు. ఎలాగైనా 20 శాతమే కొనాలనుకునేవారు డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోవాలి. మన దేశంలోకి తెచ్చి అమ్మే సౌందర్య సాధనాలకు అవి తప్పనిసరి, అవి లేని పార్శిల్‌ను తిప్పి పంపడమే మంచిది. నా మట్టుకు నేను, పీహెచ్ ఎంతో ముద్రించి, రాత్రంతా ఉంచుకోవచ్చన్న సూచన తీసేసేవరకు ఈ డబ్బా మళ్లీ కొనను.