దేవరకొండ రోడ్డు టైర్ల దుకాణం: నాలుగు అడిగితే రెండు చాలన్నారు

నల్గొండ నుంచి దేవరకొండ వెళ్ళే రోడ్డులో, పట్టణం దాటబోయే ముందు, ఎడమ వైపు రేకుల షెడ్డులో ఒక టైర్ల దుకాణం ఉంది. బోర్డు మీద కంపెనీల పేర్లే పెద్దవి, దుకాణం పేరు వెతికితే తప్ప కనిపించదు. ముందున్న వేపచెట్టును గుర్తు పెట్టుకుంటే చాలు. కారు టైర్లు మార్చాలని ఎవరు అడిగినా ఇప్పుడు నేను ఈ దుకాణమే చెబుతున్నాను. ధర తక్కువని కాదు. నాలుగు టైర్లు కొనడానికి సిద్ధపడి వెళ్ళిన నాకు రెండే చాలని చెప్పి, ఎందుకు చాలో కొలిచి చూపించారు.

నేను దేవరకొండ వైపు ఆరోగ్య కేంద్రంలో సూపర్‌వైజర్‌ని. ఇల్లు నల్గొండలో. గుర్రంపోడు, కొండమల్లేపల్లి మీదుగా వెళ్ళి, అక్కడి నుంచి చందంపేట మండలం తండాలకు తిరగాలి. తారురోడ్డు ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. తండాల దారుల్లో కంకర పైకి తేలి ఉంటుంది, రెండు పక్కలా సర్కారు తుమ్మ. కొట్టేసిన కొమ్మల ముళ్ళు దారి మీదే పడి ఉంటాయి. బుధవారం, శనివారం టీకాల రోజులు. ఐస్ ప్యాకులు పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్ వెనక సీటులో ఉన్నప్పుడు, మే నెల ఎండలో చక్రం కూలబడితే నష్టపోయేది నేనొక్కదాన్నే కాదు. అందుకే టైర్ల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

నాది స్విఫ్ట్ వీఎక్స్ఐ. టైరు సైజు 165/80 ఆర్14, అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. 2021లో బండితో వచ్చిన టైర్ల మీదే 48 వేల కిలోమీటర్లు తిరిగాను. సెప్టెంబరు వానల్లో గుర్రంపోడు దగ్గర గేదెలు అడ్డం వస్తే బ్రేకు వేశాను. బండి ఆగింది కాని, ఆగేలోపు ముందు చక్రాలు జారిన సంగతి స్టీరింగ్‌లోనే తెలిసింది. ఇంటికి వచ్చి స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, కింద కూర్చుని చూశాను. మీరూ అలా చూడండి, నిలబడి చూస్తే టైరు బయటి అంచే కనిపిస్తుంది. నా టైర్ల బయటి అంచు నిక్షేపంగా ఉంది, లోపలి అంచు మాత్రం నున్నగా అరిగిపోయింది. టైరు గాడుల్లో అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి. అవి ఎక్కడ ఉన్నాయో చెప్పడానికి టైరు పక్కభాగంలో చిన్న త్రికోణం గుర్తో, టీడబ్ల్యూఐ అన్న అక్షరాలో వేస్తారు. ఆ దిమ్మె ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గాడి అరిగి దిమ్మెతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. లోపలి అంచున నాకు ఆ దిమ్మెలు ఎప్పుడో కలిసిపోయాయి.

మొదట వేరే చోట, హైవే పక్కనున్న పెద్ద దుకాణానికి వెళ్ళాను. అద్దాల గది, ఏసీ, టీ ఇచ్చారు. బండి దగ్గరకు మాత్రం ఎవరూ రాలేదు. కౌంటరులోనే కూర్చుని, నాలుగూ మార్చాల్సిందే, పనిలో పనిగా 15 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేసుకోండి, బండికి అందం వస్తుంది అన్నారు. వాళ్ళు చూపించిన సైజు 185/65 ఆర్15. లెక్క ప్రకారం అది తప్పు సైజు కాదు. 165/80 ఆర్14 చక్రం మొత్తం ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు, 185/65 ఆర్15 ఎత్తు 621న్నర. స్పీడు మీటరు తేడా చెప్పదు, స్విఫ్ట్‌లోనే పై రకాలకు కంపెనీ ఇచ్చే సైజు అదే. కాని అక్కడ తగ్గేది టైరు పక్కభాగం ఎత్తు: 132 మిల్లీమీటర్ల నుంచి 120కి. కంకర రాయి తగిలినప్పుడు రిమ్మును కాపాడేది ఆ రబ్బరు ఎత్తే. హైదరాబాద్ రోడ్ల మీద తిరిగేవారు వేసుకోవచ్చు, చందంపేట తండాలకు నాకు ఆ 12 మిల్లీమీటర్లు కావాలి. పైగా వాళ్ళు చూపించిన టైరు తయారై ఏడాదిన్నర దాటింది. అదేమిటని అడిగితే, గోదాములో ఉన్న టైరుకు వయసు లెక్క లేదన్నారు. నేను లేచి వచ్చేశాను.

దేవరకొండ రోడ్డు దుకాణానికి అక్టోబరు మొదట్లో వెళ్ళాను. యజమానికి యాభై ఏళ్ళు ఉంటాయి. “సార్ రాలేదా?” అని అడగకుండా, “మేడం, బండి ఏ దారుల్లో తిరుగుతుంది?” అని అడిగారు. టైర్ల దుకాణంలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. తరవాత జేబులోంచి లోతు కొలిచే చిన్న గేజి తీసి, ఒక్కో టైరుకు లోపల, నడుమ, బయట మూడు చోట్ల గుచ్చి, అంకెలు సుద్దముక్కతో టైరు మీదే రాశారు. ముందు రెండింటికీ లోపలి అంచున ఒకటిన్నర మిల్లీమీటర్లు, బయట నాలుగు. వెనక రెండింటికీ అన్ని చోట్లా నాలుగున్నర. కొత్త టైరుకు ఏడెనిమిది ఉంటుంది. తరవాత వెనక టైర్ల పక్కభాగాలను టార్చి వేసి, వేళ్ళతో నొక్కి, పగుళ్ళు లేవని చూసుకుని, “వెనకవి ఇంకొన్నాళ్ళు వస్తాయి, ముందు రెండు మార్చండి” అన్నారు. అమ్ముకునే మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చాక బేరం ఆడాలని నాకు అనిపించలేదు.

అయితే కొత్తవి ముందు వేయనన్నారు. కొత్త రెండూ వెనకకు, వెనకవి ముందుకు. ఇంజను లాగేది ముందు చక్రాలే కదా, కొత్తవి ముందే ఉండాలి కదా అని నేను అడిగాను. ఆయన ఓపికగా చెప్పిన మాట ఇది: నీళ్ళ మీద ముందు చక్రాలు జారితే స్టీరింగ్ తేలికై మనకు తెలుస్తుంది, కాలు తీస్తాం. వెనకవి జారితే తెలిసేసరికి బండి తిరిగిపోయి ఉంటుంది, దాన్ని నిలబెట్టడం ఎంత అలవాటున్న డ్రైవరుకైనా కష్టం. కనుక నీళ్ళను ఎక్కువగా చిమ్మగలిగిన లోతైన టైరు వెనకే ఉండాలి. పెద్ద టైరు కంపెనీలు కూడా ఇదే చెబుతాయని తరవాత చదివి తెలుసుకున్నాను. ఊళ్ళో చాలామంది మెకానిక్‌లు దీనికి విరుద్ధంగా చేస్తారు. రెండే మార్చేవాళ్ళు ఈ ఒక్క సంగతి మాత్రం పట్టుబట్టి చేయించుకోండి.

టైరు ఎంపికలో పెద్దగా చర్చ జరగలేదు. ఎమ్మారెఫ్, అపోలో, సియట్, జేకే ఉన్నాయి. నేను సియట్ మైలేజ్ ఎక్స్3 తీసుకున్నాను, వెనక ఉన్న జతతో 85టీ గుర్తు కలిసింది. 85 అంటే టైరు ఒక్కటి 515 కిలోలు మోస్తుంది, టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది. బండికి ఇచ్చిన అంకె కన్నా తక్కువది ఎంత చవకగా వచ్చినా వేయకూడదు. తయారీ తేదీని నేను అడగకముందే చూపించారు. పక్కభాగంలో డీఓటీ అని మొదలయ్యే అక్షరాల, అంకెల వరస చివర అండాకారపు గడిలో 3125 అని ఉంది: 2025లో 31వ వారం. ఒక్కోటి 4,400 రూపాయలు, పన్నుతో కలిపి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ తగ్గింపు బిల్లులో కనిపించింది. లెక్క వేస్తే ఒక్కో టైరుకు 370 రూపాయల పైమాటే.

ఇక టైరు ఎక్కించిన తీరు. ఈ దుకాణం అసలు విలువ అక్కడ ఉంది. కొన్నాళ్ళుగా నా బండి ముందు ఎడమ చక్రంలో మెల్లగా గాలి తగ్గేది. ఎన్ని చోట్ల నీళ్ళ తొట్టిలో ముంచి చూసినా ముల్లు దొరకలేదు. ఇక్కడ పనిచేసే కుర్రాడు టైరు విప్పగానే, “అక్కా, ఇటు రండి” అని పిలిచి రిమ్ము చూపించాడు. టైరు అంచు అతుక్కుని కూర్చునే చోట తుప్పు పొరలుగా లేచి ఉంది. గాలి పోతున్నది ఆ సందుల్లోంచి. వైరు బ్రష్షుతో, తరవాత గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బట్టతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి చూసి, అప్పుడు సబ్బునీళ్ళు రాసి టైరు ఎక్కించాడు. పాత రబ్బరు వాల్వులు కోసి పారేసి కొత్తవి వేశాడు. కొత్త టైరు మీద సాధారణంగా పసుపు రంగు చుక్క ఒకటి ఉంటుంది, టైరులో అన్నిటికన్నా తేలికైన చోటుకు గుర్తు అది. వాల్వు బరువు ఆ తేలికకు సరిపోయేలా చుక్కను సరిగ్గా వాల్వు పక్కకు తెచ్చి కూర్చోబెట్టాడు.

చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందో లేదో చూసే బ్యాలెన్సింగ్ యంత్రం మీద ఒక చక్రానికి 15 గ్రాముల బరువు ముక్క సరిపోయింది. ఇంకోదానికి 60 అడిగింది. 60 గ్రాముల ముక్కలు కొట్టి పంపేసినా నాకు తెలిసేది కాదు. ఆ అబ్బాయి యంత్రం ఆపి, చక్రం దించి, రిమ్ము లోపలి వైపు స్క్రూడ్రైవరుతో గోకితే తండాల దారి మట్టి ఎండి గట్టిపడిన పెళ్ళలు రాలాయి. మళ్ళీ పెడితే 20 గ్రాములకు దిగింది. నట్లు విప్పడానికి గాలి ఒత్తిడితో తిరిగే మర వాడినా, బిగించేటప్పుడు మాత్రం టార్కు (బిగింపు బలం) చూపే పానాతో, ఒకదాని ఎదురుగా ఒకటి చొప్పున, టిక్కుమని శబ్దం వచ్చేవరకే బిగించాడు. నాకు ఇది చాలా పెద్ద విషయం. గాలి మరతో బిర్రుగా కొట్టేసిన నట్లు బండిలో ఉన్న పానాతో ఊడిరావు. పంక్చరైతే ఆ దారుల్లో స్టెప్నీ నేనే మార్చుకోవాలి, సాయానికి మనిషి దొరకడు. ఎదురుగానే ఒక నట్టు నా చేత విప్పించి చూపించమన్నాను, సులువుగా వచ్చింది. స్టెప్నీ కూడా దించి, తగ్గి ఉన్న గాలి నింపారు. గాలి ఎంత కొట్టాలని నన్ను అడగకుండా, డ్రైవరు తలుపు తెరిచి పక్క స్తంభం మీది స్టిక్కరు చూసి కొట్టారు. నైట్రోజన్ ఉందని చెప్పారు కాని బలవంతపెట్టలేదు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే కనుక నేను మామూలు గాలే కొట్టించుకున్నాను.

అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేసే పని, ఆ రోజు చేయలేదు. లోపలి అంచు అరగడానికి కారణం ముందు చక్రాలు బయటికి తెరుచుకుని నడవడం. ఎడమ చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపి, స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే టై రాడ్ చివర వదులు ఉందని చూపించారు. “అది మార్చకుండా అలైన్‌మెంట్ చేస్తే మీ డబ్బు వృథా, నెలలో మళ్ళీ తప్పుతుంది” అన్నారు. మెకానిక్ దగ్గర ఆ ముక్క మార్పించుకుని మళ్ళీ వెళ్ళాను. చేయకముందు, చేసిన తరవాత కొలతలున్న కాగితం చేతికిచ్చి, ఎరుపులో ఉన్న అంకెలు ఆకుపచ్చలోకి ఎలా వచ్చాయో వివరించారు. టైర్లు, వాల్వులు, నాలుగు చక్రాల బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అన్నీ కలిపి 9,650 రూపాయలు.

లోపాలూ ఉన్నాయి. అలైన్‌మెంట్ గుంత ఒక్కటే, ముందు రెండు బండ్లు ఉంటే సగం రోజు పోతుంది. కూర్చోవడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు, అవీ టైర్లు విప్పే చోటే. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. ఇంత మంచి పని చేసే చోట ఇది ఉండాల్సిన లోటు కాదు. ఆయనకు మొహం మీదే చెప్పాను, కట్టిస్తామన్నారు. బిల్లు కూడా అడిగితేనే ఇచ్చారు. మీరు తప్పకుండా అడిగి తీసుకోండి, టైరు ఉబ్బినా పగిలినా వారంటీకి అదే ఆధారం.

అక్టోబరు చివర మొంథా తుపాను వానలు దేవరకొండ ప్రాంతాన్ని ఎలా ముంచాయో అందరికీ తెలుసు. వాన వెలిశాక, రోడ్ల మీద నీళ్ళు ఇంకా పారుతుండగానే డ్యూటీకి వెళ్ళాల్సి వచ్చింది. బండి గీత తప్పలేదు. స్టీరింగ్ వణకడం లేదు, ఎడమ చక్రంలో గాలి దిగడం లేదు.

వెళ్ళేవారు ఉదయం పది లోపు వెళ్ళండి. మీ అరిగిన టైర్లను దుకాణం వాళ్ళే తీసుకుంటారు, ఎక్కడికి పోతాయో అడగండి. నేను నావి మళ్ళీ రోడ్డెక్కకుండా లోపలి అంచు దగ్గర కోయించే ఇచ్చాను. షెడ్డు వెనక పాత టైర్ల కుప్పలో వాననీళ్ళు నిలిచి, అందులో దోమ పిల్లలు కదులుతుండగా నేనే చూశాను. డెంగీ దోమకు అలాంటి నిలవ నీళ్ళే కావాలి. ఆ రోజే నీళ్ళు పారబోయించి, పైన టార్పాలిన్ కప్పించాను. రెండోసారి వెళ్ళినప్పుడు కప్పి ఉంది. మీరు వెళ్ళినప్పుడు ఒకసారి వెనకకు తొంగి చూడండి, కప్పు తొలగి ఉంటే ఆయనకు చెప్పండి. చెబితే వినే మనిషి.