మూడు బంతుల స్పైరోమీటర్: పెద్దవారి శ్వాస వ్యాయామానికి ఎంతవరకు ఉపయోగం?

నిమోనియా తగ్గి ఇంటికి వచ్చిన మా అత్తగారి కోసం ఫిజియోథెరపిస్టు సూచన మేరకు కొన్న మూడు బంతుల స్పైరోమీటర్, మందుల దుకాణాల్లో సులువుగా దొరికే చవకైన పరికరం. గొట్టం చివరను పెదవులతో బిగించి గాలి లోపలికి పీలిస్తే, సెకనుకు 600, 900, 1200 సీసీల ప్రవాహానికి ఒక్కొక్క బంతి పైకి లేస్తుంది. బంతి కళ్లెదుట లేవడం పెద్దవారికి కలిగించే ఉత్సాహం, ఊరికే దీర్ఘంగా ఊపిరి తీసుకోమంటే రాదు.

అయితే ఇది చూపేది గాలి వేగాన్నే గాని పరిమాణాన్ని కాదు. అందువల్ల విసురుగా పీల్చి మూడు బంతులనూ ఎగరేయడం కంటే, నిదానంగా పీల్చి మొదటి బంతిని రెండు మూడు సెకన్లు పైనే నిలపడం ఊపిరితిత్తుల అడుగుభాగం విచ్చుకోవడానికి మేలు. ఇంత ముఖ్యమైన సంగతి మేము కొన్న పెట్టెపై ఎక్కడా లేకపోవడం నిజంగా బాధాకరం. పరికరాన్ని వంచి పట్టుకుంటే బంతులు తేలికగా లేచి మభ్యపెడతాయి కనుక నిటారుగానే ఉంచాలి. కళ్లు తిరిగితే వెంటనే ఆపాలి.

కోలుకోవడాన్ని మాత్రం బంతులతో లెక్కించకూడదు. చేతులు ఆనించకుండా 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారు, 6 నిమిషాల్లో ఎంత దూరం నడవగలుగుతున్నారు, నడక ముందూ తర్వాతా ఆక్సీమీటర్ ఎంత చూపుతోంది అన్నవి ఫిజియోథెరపిస్టు సమక్షంలో నమోదు చేయించడమే సరైన పద్ధతి. స్తోమత ఉన్నవారు పీల్చిన గాలి పరిమాణాన్ని చూపే రకాన్ని కొనుక్కోవడం మంచిది.