వాల్డెన్ కొలను: ముందు నడక, తరువాత ఈత

మసాచుసెట్స్ రాష్ట్రంలో బోస్టన్ నగరానికి పడమరగా సుమారు 20 మైళ్ళ దూరంలో, కాంకర్డ్ ఊరి శివారున ఉన్న వాల్డెన్ కొలనుకు గత వేసవిలో మేము రెండుసార్లు వెళ్ళాము. మొదటిసారి కొలను కనబడనే లేదు. జూలైలో ఒక ఆదివారం పదకొండు గంటలకు చేరేసరికి కార్లు నిలిపే స్థలం నిండిపోయి, లోపలికి ఎవరినీ పంపడం లేదని బోర్డు పెట్టి ఉంది. రోడ్డు పక్కన బండి ఆపడానికి వీల్లేదు కనుక వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయాము. తప్పు మాదే. ఒకేసారి లోపల ఉండగలిగే జనానికి అక్కడ ఒక పరిమితి ఉన్నదనీ, ఎండ కాసే సెలవు రోజుల్లో పొద్దెక్కకముందే ఆ పరిమితి నిండిపోతుందనీ ముందుగా తెలుసుకోవలసింది. రెండోసారి ఒక బుధవారం నాడు, గేటు తెరిచే వేళకే వెళ్ళి నాలుగు గంటలు గడిపాము. నేను రాస్తున్నది ఆ నాలుగు గంటల గురించి.

నాతో మా నాన్నగారు ఉన్నారు. ఆయన తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఈ కొలను ఒడ్డున కొంతకాలం ఉండి, ఆ అనుభవంతో 'వాల్డెన్' అనే పుస్తకం రాసిన అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో పేరు ఆయనకు గాంధీగారి ద్వారా తెలుసు. వాల్డెన్ ఒడ్డున ఉంటున్న రోజుల్లోనే, 1846 జూలైలో, పన్ను కట్టనన్నందుకు థోరో ఒక రాత్రి కాంకర్డ్ జైలులో గడిపాడు. ఆ అనుభవం నుంచి పుట్టి 1849లో అచ్చయిన వ్యాసాన్ని గాంధీగారు దక్షిణాఫ్రికాలో చదివారు. ఇంత దూరం వచ్చి ఆ చోటు చూడకుండా వెళ్ళనని నాన్నగారు పట్టుబట్టడం వల్లనే మా రెండో ప్రయాణం జరిగింది. తీరా కిందికి దిగి నీటిని చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "చెరువు అన్నావు కదమ్మా, కట్ట ఏదీ?"

ఆ ప్రశ్నలో చాలా విషయం ఉంది. మనం చెరువు అన్నప్పుడు కట్ట, తూము, అలుగు, నీరు తెచ్చే వాగు అన్నీ కలిసి మనసులోకి వస్తాయి. వాల్డెన్‌కు ఇవేవీ లేవు. పదివేల ఏళ్ళకు పూర్వం, మంచుయుగం ముగిసి హిమానీనదం వెనక్కి తగ్గినప్పుడు, ఇసుక, గులకరాళ్ళ కింద పూడుకుపోయిన పెద్ద మంచుగడ్డ మెల్లగా కరిగి మిగిల్చిన గుంట ఇది. దీనిలోకి వచ్చే వాగు లేదు, దీని నుంచి పోయే కాలువ లేదు. భూగర్భజలం ఒక పక్క నుంచి ఊరి మరొక పక్కకు ఇంకుతుంది, పైన వాన పడుతుంది, అంతే. అందువల్ల నీరు తేటగా ఉంటుంది, అందువల్లనే మట్టం ఏడాదికీ ఏడాదికీ మారుతూ ఉంటుంది. నీటి మట్టం పెరిగిన ఏళ్ళలో ఒడ్డున ఇసుక పలచబడుతుంది కనుక విశాలమైన ఇసుకతీరాన్ని ఊహించుకొని వెళ్ళేవారు నిరాశపడవచ్చు. ఇవన్నీ విన్న తరువాత నాన్నగారు, "అయితే కొలను అను," అన్నారు. కొలను అనే అంటున్నాను.

ఈ కొలనుకు అడుగే లేదని ఆ కాలపు ఊరివాళ్ళు నమ్మేవారు. వృత్తిరీత్యా భూములు కొలిచిన థోరో, 1846 తొలి నెలల్లో నీరు గడ్డకట్టి ఉండగా, మంచుకు రంధ్రాలు చేసి, చేపలు పట్టే తాడుకు దాదాపు ముప్పావు కిలో బరువున్న రాయి కట్టి వందకు పైగా చోట్ల లోతు కొలిచాడు. అత్యధికంగా 102 అడుగులు తేలింది. తరువాతి కాలపు పరికరాలు చెప్పిన లోతు కూడా దాదాపు అదే. ఒంటరిగా అడవిలో కూర్చున్న స్వాప్నికుడిగా థోరోను ఊహించుకొని వచ్చేవారు ఈ తాడునూ రాయినీ తలచుకొంటూ ఒడ్డున నిలబడితే ఆ మనిషి సరిగ్గా అర్థమవుతాడని నా అభిప్రాయం.

కొలను చుట్టూ ఉన్న కాలిబాట 1.7 మైళ్ళు. నీటికి ఎదురుగా నిలబడి కుడివైపుగా బయలుదేరితే అర మైలు దాటాక, కొలను నీరు ఒడ్డులోకి చొచ్చుకువచ్చిన ఒక చిన్న మడుగు వస్తుంది. దాని పైన, చెట్ల మధ్యలో, థోరో ఇల్లు ఉండిన స్థలం ఉంది. 1845 జూలై 4 నుంచి 1847 సెప్టెంబరు 6 వరకు, అంటే రెండేళ్ళ రెండు నెలల రెండు రోజులు, ఆయన అక్కడ ఉన్నాడు. నేల ఆయన స్నేహితుడు, రచయిత ఎమర్సన్‌ది. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు ఉన్న ఆ ఇంటికి 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు ఖర్చయినట్టు ఆయనే మేకులతో సహా లెక్క రాశాడు. ఆ తరువాత ఇంటిని అక్కడి నుంచి తరలించేయడంతో అది ఏ చోట ఉండేదో క్రమంగా ఎవరికీ స్పష్టంగా తెలియకుండా పోయింది. 1872లో ఆయన మిత్రుడు బ్రాన్సన్ ఆల్కాట్ గుర్తుగా ఒక రాయి పెట్టగా, వచ్చినవారందరూ తలా ఒక రాయి చేర్చడంతో అదొక గుట్ట అయింది. 1945లో రోలండ్ రాబిన్స్ అనే ఔత్సాహిక పురావస్తు పరిశోధకుడు తవ్వి చిమ్నీ పునాదిని కనుగొన్నాడు. ఇప్పుడు గ్రానైటు స్తంభాలు ఇంటి హద్దులను చూపుతున్నాయి. రాళ్ళగుట్ట ముందు నాన్నగారు చాలాసేపు నిలబడ్డారు. కొన్ని రాళ్ళ మీద పేర్లు రాసి ఉన్నాయి, కొన్ని ఊరికే రాళ్ళు. కార్లు నిలిపే చోటికి దగ్గరలో అదే కొలతలతో కట్టిన నమూనా ఇల్లు ఉంది. లోపల మంచం, బల్ల, మూడు కుర్చీలు, పొయ్యి. పిల్లలతో వచ్చేవారికి అది నచ్చుతుంది. నాకు మాత్రం ఏమీ లేని ఆ స్తంభాల చోటే ఎక్కువ చెప్పింది.

బాట మొదట్లో సుఖంగానే ఉంటుంది కానీ కొన్నిచోట్ల వేర్లు పైకి తేలి, రాతిమెట్లు ఎక్కి దిగవలసి వస్తుంది. డెబ్బై దాటిన నాన్నగారు చేతికర్ర సాయంతో, మధ్యలో మూడుసార్లు కూర్చొని, గంటన్నరలో పూర్తి చేశారు. బాటకు రెండు పక్కలా చాలా దూరం తీగ కంచె ఉంటుంది. అడవిలో నడుస్తున్నామన్న భావనను అది చెడగొడుతుందని మొదట నాకు విసుగు కలిగింది. కానీ ఒడ్డంతా ఇసుకమట్టితో కూడిన ఏటవాలు. జనం ఎక్కడపడితే అక్కడ దిగితే మట్టి జారి నీటిలో కలుస్తుంది. 1957లో ఈతగాళ్ళ కోసం ఇసుకతీరాన్ని పెంచుతామంటూ ఒడ్డున చెట్లు కొట్టి గట్టును బుల్డోజర్లతో చదును చేస్తే, స్థానికులు కోర్టుకు వెళ్ళి 1960లో గెలిచారు. ఆ సంగతి తెలిశాక కంచె మీద ఫిర్యాదు చేయడం మానేశాను. నీటిలోకి దిగడానికి అక్కడక్కడా రాతిమెట్లు కట్టారు, అవి చాలు.

పడమటి కొసన రైలు పట్టాలు కొలనును దాదాపు తాకుతూ పోతాయి. నిశ్శబ్దాన్ని కోరి వచ్చినవారికి ఆ చప్పుడు చిరాకు కలిగిస్తుంది. అయితే 1844లోనే కాంకర్డ్‌కు రైలు వచ్చింది, అంటే థోరో కూడా ఇదే మార్గంలో పోయే రైళ్ళ కూత వింటూ ఉన్నాడు. ఆ పక్కనే మంచుకోట మడుగు అనే అర్థం వచ్చే పేరుతో అలాంటిదే ఇంకొక మడుగు ఉంది. 1846-47 చలికాలంలో వందమంది ఐరిష్ కూలీలు రోజూ కేంబ్రిడ్జి నుంచి వచ్చి వాల్డెన్ మంచును కోసి, ఒడ్డున ఎత్తుగా పేర్చి గడ్డి కప్పారు. ఆ కుప్పలో చాలా భాగం మార్కెట్టుకు చేరనే లేదు. 1848 సెప్టెంబరు దాకా కరుగుతూ తిరిగి కొలనులోనే కలిసింది. అయినా మసాచుసెట్స్ కొలనుల మంచు ఓడల్లో మన దేశానికి వచ్చిన మాట నిజం, మద్రాసు మెరీనా ఒడ్డున ఐస్ హౌస్ కట్టింది దానిని నిలువ చేయడానికే. మద్రాసు, బొంబాయి, కలకత్తా ప్రజలు తన బావి నీరు తాగుతారని థోరో రాసుకున్నాడు. ఆ వెంటనే, తాను పొద్దున్నే భగవద్గీత చదువుతాననీ, వాల్డెన్ నీరు గంగానీటితో కలుస్తున్నదనీ రాశాడు. ఈ మాట చెప్పినప్పుడు నాన్నగారు ఏమీ అనలేదు. దగ్గరలోని రాతిమెట్ల మీద జాగ్రత్తగా కూర్చొని, దోసిట్లో నీరు తీసుకొని కళ్ళకు అద్దుకున్నారు.

చుట్టూ తిరిగి వచ్చాక నేను ఈతకు దిగాను. ఈ వరుస తప్పకుండా పాటించమని చెబుతాను. నడవకుండా ఈదితే ఇది శుభ్రమైన మంచినీటి ఈతస్థలం మాత్రమే, ఈదకుండా నడిస్తే ఒక స్మారకస్థలం మాత్రమే. నడిచి వచ్చి నీళ్ళలోకి వెళ్ళి వెనక్కి తిరిగి చూసినప్పుడు, కాళ్ళతో కొలిచిన ఒడ్డంతా ఒక్క చూపులో చుట్టూ నిలుస్తుంది. ఇంటి స్థలం ఉన్న మడుగు ఎక్కడో, రైలు కట్ట ఎక్కడో, ఏ మలుపులో ఎక్కడ కూర్చున్నామో అన్నీ నీటి మట్టం నుంచి తెలుస్తాయి. థోరోకు కూడా పొద్దున్నే లేచి ఈ నీటిలో స్నానం చేయడం వ్రతం వంటిది. పుస్తకాన్ని ప్రేమించి వచ్చి, ఈతగాళ్ళను చూసి పవిత్రత పోయిందని బాధపడేవారితో నేను ఏకీభవించను.

నీటి అడుగున ఇసుక, గులకరాళ్ళు ఉంటాయి, బురద తగలలేదు. నడుము లోతు దాకా మెల్లగా వెళ్ళి, ఆపైన నేల చటుక్కున జారిపోతుంది, కనుక ఈత బాగా రానివారు తాళ్ళతో హద్దు కట్టిన భాగం దాటకూడదు. వేసవిలో ప్రధాన తీరంలో లైఫ్‌గార్డులు ఉంటారు. పై నీరు హాయిగా ఉన్నా కాళ్ళు కిందికి చాచితే చల్లదనం తెలుస్తుంది. ఇంకా లోతుకు పోయినకొద్దీ నిండు వేసవిలో కూడా నీరు చాలా చల్లగానే ఉంటుంది. కొలను ఈ కొస నుంచి ఆ కొసకు ఈదేవారు దూరానికి కనబడేలా ముదురు రంగు తేలియాడు బుడగను నడుముకు కట్టుకోవాలి. ఏ వేళల్లో అలా ఈదవచ్చో గేటు దగ్గర రాసి ఉంటుంది, చదివి దిగండి. గాలి నింపిన పరుపులు, బొమ్మలు తేవద్దు.

ఒక విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ కొలనులో నీరు పూర్తిగా మారడానికి సుమారు ఐదేళ్ళు పడుతుంది. వేసవిలో నీటిలో చేరే భాస్వరంలో పెద్ద వాటా ఈతగాళ్ళ మూత్రం నుంచి వస్తున్నదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఆ భాస్వరం నాచును పెంచుతుంది, నాచు పెరిగితే తేటదనం పోతుంది, అడుగున పరుచుకొని నీటిని శుభ్రంగా ఉంచే మొక్కలకు వెలుతురు అందదు. పిల్లలను ముందుగా మరుగుదొడ్డికి తీసుకువెళ్ళడం అక్కడ మనం చేయగల అతి పెద్ద ఉపకారం.

బండి నిలపడానికి మసాచుసెట్స్ నంబరు ఉంటే 8 డాలర్లు, బయటి రాష్ట్రాల బండికి 30 డాలర్లు. ఈ తేడా ఎక్కువేనని నాకు అనిపించింది, ముఖ్యంగా దూరం నుంచి చదువరులుగా వచ్చేవారికి. మనుషులకు వేరే టిక్కెట్టు లేదు. కుక్కలు, మద్యం, నిప్పు రాజేసి వండడం నిషిద్ధం. తిండి, తాగునీరు మనమే తీసుకువెళ్ళాలి; మేము తీసుకువెళ్ళిన పులిహోర, ఈత తరువాత, చెట్టు నీడలో తిన్నాము. కారు లేనివారు బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి ఫిచ్‌బర్గ్ లైను రైలెక్కి కాంకర్డ్‌లో దిగితే అక్కడి నుంచి మైలున్నర నడక, మధ్యలో పెద్ద రహదారిని సిగ్నల్ దగ్గర దాటాలి. తిరిగి వెళ్ళేటప్పుడు తీరిక ఉంటే కాంకర్డ్ మ్యూజియంలో థోరో రాసుకున్న బల్లను చూడవచ్చు.

మేము బయటికి వచ్చేసరికి పదిన్నర దాటింది. మా కారు కదిలిన చోటు కోసం అప్పటికే మరొక కారు వేచి ఉంది. తడి తువ్వాలు వెనక సీటు మీద ఆరేస్తూ, మళ్ళీ అక్టోబరులో రావచ్చా అని అడిగారు నాన్నగారు. అప్పటికి ఆకులు రంగు మారతాయి, నీళ్ళు బాగా చల్లబడతాయి, జనం తగ్గుతారు. అప్పుడు వస్తే నడక ఒక్కటే చాలునని, ఇంకొక చక్కర్ కూడా తిరుగుతానని అన్నారు.