జంతువుల జాడలు నేర్చుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి? బైర్లూటి, ఫర్హాబాద్, రోళ్లపాడు అనుభవాలు

జంతువుల అడుగులు గుర్తుపట్టడం నేర్చుకోవాలని ఉంటే, అడవిలో గది బుక్ చేసేముందు ఒక ప్రశ్న అడగండి: "అక్కడ దగ్గరుండి కాలినడకన తిప్పేవాళ్లు ఉన్నారా?" పులి కనిపిస్తుందా, గదిలో ఏసీ ఉందా అనేవి తర్వాత సంగతి. జీపులో కూర్చుంటే దుమ్ములో పడ్డ అచ్చు సరిగా కనిపించదు. డ్రైవర్ బండి ఆపినా టైగర్ రిజర్వులో సఫారీ మధ్యలో కిందికి దిగనివ్వరు. నేనూ మా తమ్ముడూ ఈ లెక్కతోనే చలికాలం చివర్లో నల్లమలలో రెండు చోట్లకి, ఆ పక్కనే ఉన్న రోళ్లపాడు గడ్డి మైదానానికి వెళ్లొచ్చాం. ఇద్దరికీ ఈ విద్య పూర్తిగా కొత్త.

ముందు బైర్లూటి గురించి చెప్తాను, ఎక్కువ నేర్చుకున్నది అక్కడే. ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్లే దారిలో అటవీశాఖ వాళ్ల జంగిల్ క్యాంప్ ఇది. టెంట్లు, కాటేజీలు ఉన్నాయి. పనిచేసేవాళ్లలో చుట్టుపక్కల గూడేల చెంచులు ఉన్నారు. మేం టెంట్ తీసుకున్నాం. భోజనం సాదాగా, వేడివేడిగా ఉంది. తెల్లవారకముందే టీ కావాలంటే ఇచ్చారు. జాడల కోసం వచ్చినవాళ్లకి పొద్దున్నే దొరికే ఆ టీ చాలా ముఖ్యం, ఎందుకో చెప్తాను.

మాకు దారి చూపించిన అన్న చాలా ఏళ్లు అటవీశాఖ బేస్ క్యాంపులో వాచర్‌గా, అంటే అడవి కాపలాదారుగా చేశాడు. మొదట చెప్పింది జంతువు గురించి కాదు, ఎండ గురించి. "సార్, మీకూ సూర్యుడికీ మధ్యలో అడుగు ఉండేట్టు నిలబడండి" అన్నాడు. అలా నిలబడగానే, అంతవరకూ చదునుగా కనిపించిన మట్టిలో అంచులు, గుంటలు నీడలతో పైకి లేచాయి. పదకొండు గంటలకి మళ్లీ అదే దారిన వస్తే చాలా అచ్చులు కంటికి ఆనలేదు. ఏటవాలు ఎండ పోతే నీడ పోతుంది, నీడ పోతే అడుగూ పోతుంది. పైగా పొద్దెక్కాక బండ్లు తిరిగి అన్నీ చెరిపేస్తాయి. తెల్లవారుజామున టీ అందుకే కావాలి.

గిట్టల జంతువులతో మొదలుపెట్టించాడు. చుక్కల దుప్పి అచ్చు చిన్నది, కొనలు సన్నగా ఉంటాయి. కణితి (సాంబర్ జింక) అచ్చుదీ అదే తీరు, కానీ బాగా పెద్దది. అడవి పందిది కాస్త గుండ్రంగా ఉండి, మెత్తటి నేలలో వెనక రెండు పక్కలా చిన్న గిట్టల గుర్తులు కూడా పడతాయి. పక్కనే నేలంతా పెళ్లగించి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. కొండగొర్రె (నాలుగు కొమ్ముల జింక) మళ్లీ మళ్లీ ఒకేచోట పెంటికలు వేస్తుంది కాబట్టి కుప్ప చూసి పోల్చుకోవచ్చు. కుందేలు పెంటికలు గుండ్రంగా, ఎండుగడ్డి పీచుతో ఉంటాయి. కొత్తవాళ్లు వీటితో మొదలుపెడితేనే మంచిది. అచ్చులు కావలసినన్ని దొరుకుతాయి, కళ్లు అలవాటు పడతాయి.

తర్వాత పంజాలు. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి అచ్చులో మామూలుగా గోళ్లు పడవు. కుక్క జాతికి పడతాయి. అయితే గోళ్లొక్కటే చూసి తేల్చకూడదు, గట్టి నేలలో కుక్క గోళ్లు కూడా పడకపోవచ్చు. మడమ మెత్త చూడాలి. పులికీ చిరుతకీ ఆ మెత్త పెద్దదిగా ఉండి వెనక అంచు మూడు వంపులుగా కనిపిస్తుంది. వేళ్లు కూడా ఒక వరసలో సమానంగా ఉండవు, ఒకటి ముందుకు వచ్చి ఉంటుంది. మేం చూసిన చిరుత అచ్చు నా అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. చిరుతది మామూలుగా పది సెంటీమీటర్లు దాటదు, పెద్ద పులిది పన్నెండు పైనే ఉంటుంది. ముందు పాదం వెనక పాదం కంటే పెద్దది. మగ పులి వెనక పాదం చతురస్రంలా, ఆడ పులిది కొంచెం పొడుగ్గా ఉంటుందని చెప్పాడు.

అలాగైతే అచ్చులు చూసే పులుల్ని లెక్కపెట్టొచ్చు కదా అని తమ్ముడు అడిగాడు. ఒకప్పుడు అలాగే చేసేవారు. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి 1966లో మొదలుపెట్టిన పద్ధతి అది. అచ్చు మీద గాజు పలక పెట్టి గీత గీసుకునేవారు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పోసి అచ్చు తీసేవారు. కానీ ఒకే పులి అడుగు బురదలో ఒకలా, దుమ్ములో ఇంకోలా పడుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులున్నాయని కాగితాల మీద లెక్కలు నడుస్తుండగానే, 2005 నాటికి అక్కడ ఒక్క పులీ మిగల్లేదని బయటపడింది. ఆ తర్వాత 2006 నుంచి కెమెరాలతో చారలు పోల్చి అంచనా కట్టడం మొదలైంది. అచ్చులకి విలువ పోలేదు. ఏ అడవిలో ఏ జంతువు తిరుగుతోందో తెలుసుకోవడానికి సిబ్బంది ఇప్పటికీ నడిచి జాడలు నమోదు చేస్తారు.

నల్లమలలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఎలుగుబంటి. అది ఎక్కడికెళ్లినా ఆనవాళ్లు వదులుతుంది. వెనక పాదం అచ్చు మనిషి కాలిలా ఉండి ముందు పొడుగాటి గోళ్ల గుర్తులు పడతాయి. చెదపుట్టల్ని లోతుగా తవ్వేస్తుంది. తేనె కోసం ఎక్కిన చెట్ల బెరడు మీద గీతలుంటాయి, పాత గీతలు నల్లబడి, కొత్తవి తేమగా కనిపిస్తాయి. పెంట చూస్తే ఏం తిన్నదో ఇట్టే తెలుస్తుంది: రేగు గింజలు, తునికి గింజలు, చెదల తలలు. ఆ అన్న పుల్లతో విడదీసి చూపించాడు. చేత్తో ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు, అందులో రోగాలు తెచ్చే పురుగులు ఉంటాయి. తాజా తవ్వకం కనబడగానే మాటలు ఆపించి, చప్పట్లు కొట్టి, కాసేపు ఆగి దారి మార్చాడు. ఎలుగు దగ్గరలో ఉంటే పులికన్నా ప్రమాదం. ఇంత జాగ్రత్త తెలిసిన మనిషి పక్కన లేకుండా ఎవరూ ఈ ప్రయత్నం చేయొద్దు.

అడుగు ఎప్పటిదో చెప్పడం ఇంకా కష్టమైన పాఠం. అంచులు పదునుగా ఉన్నాయా, విరిగి రాలాయా? అచ్చు మీద మంచు చుక్కల గుంటలు పడ్డాయా? రాత్రి తిరిగే పురుగుల గీతలు దాని మీద నుంచి వెళ్లాయా? నిన్న సాయంత్రం బండి టైరు గుర్తు మీద అడుగు ఉంటే అది తప్పకుండా ఆ బండి వెళ్లాక పడ్డదే. ఒక చెట్టు మొదలు దగ్గర పులి తన హద్దు గుర్తుగా మూత్రం చిమ్మిన చోటు కూడా చూపించాడు. వంగి వాసన చూస్తే నిజంగానే బాస్మతి అన్నం వాసన! రెండింటిలోనూ 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే ఒకే పదార్థం ఉంటుంది.

ముళ్లపంది ముల్లు ఒకటి దొరికితే తమ్ముడు జేబులో పెట్టుకోబోయాడు. "అడవిది అడవిలోనే ఉండాలి తమ్మీ" అని ఆ అన్న వద్దన్నాడు. రిజర్వులోంచి ఏదీ బయటికి తీసుకెళ్లకూడదు. ఫొటో చాలు. పక్కన పెన్ను పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి తీస్తే తర్వాత కొలత పోల్చుకోవచ్చు.

రెండోది తెలంగాణ వైపు అమ్రాబాద్ టైగర్ రిజర్వులో ఫర్హాబాద్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక వస్తుంది. ఆ రోడ్డులో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు ఆపేస్తారు, ప్రయాణం దానికి తగ్గట్టు పెట్టుకోండి. సఫారీ వ్యూ పాయింట్ దాకా తీసుకెళ్తుంది, పైనుంచి కనిపించే అడవి గొప్పగా ఉంటుంది. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లడానికి బైర్లూటి కంటే ఇదే నయం. జాడల పాఠానికి మాత్రం అడుగుల కంటే చెవులకే ఎక్కువ పని. ఇంజిన్ ఆపినప్పుడు కొండముచ్చు దగ్గు లాంటి అరుపు, వెంటనే దుప్పి కూత వినిపించాయి. కొండముచ్చు చెట్టుపై నుంచి చూస్తుంది కాబట్టి దాని అరుపు నమ్మదగ్గది. దుప్పి ఒక్కోసారి ఊరికే బెదురుతుంది. కణితి అదేపనిగా కూస్తుంటే మాత్రం దగ్గరలో పెద్ద జంతువు ఉన్నట్టే.

ఆ రాత్రి శ్రీశైలం దారిలోనే ఒక ప్రైవేట్ వసతిలో దిగాం, పేరు చెప్పను. గది బాగానే ఉంది కానీ అర్ధరాత్రి దాకా పాటలు పెట్టారు. పొద్దున ఏడుకి ముందు ఎవరూ లేవలేదు. గైడ్‌ని ఏర్పాటు చేస్తామన్నవాళ్లు ఫోన్ ఎత్తలేదు. డబ్బు కంటే ఒక పొద్దు పోయినందుకే బాధేసింది.

మూడోది రోళ్లపాడు. నందికొట్కూరు దగ్గర, 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం ఏర్పాటైన చిన్న అభయారణ్యం. ఆ పిట్ట ఇప్పుడు అక్కడ కనిపించడం లేదు, ఆ గడ్డిలో నిలబడి దాని గురించి వింటుంటే మనసు బరువెక్కింది. కృష్ణజింకలు, తోడేళ్లు, గుంటనక్కలు ఉన్నాయి. మేం కర్నూలులో బస చేసి తెల్లవారకముందే బయల్దేరాం. నీడ తక్కువ, నీళ్లు మీరే తీసుకెళ్లాలి.

కుక్క జాతి అడుగులు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. తోడేలు అచ్చు, ఊరకుక్క అచ్చు విడిగా చూస్తే దాదాపు ఒకటే. నడక చూడాలి. కుక్క అటూ ఇటూ వాసన చూస్తూ వంకరగా పోతుంది. తోడేలు చాలా దూరం ఒకే గీతలో నడుస్తుంది, వెనక కాలు ముందు కాలి అచ్చులోనే పడుతుంది. పెంటలో కృష్ణజింక వెంట్రుకలు, ఎముక ముక్కలు ఉంటాయి. మగ కృష్ణజింకలు తమ హద్దులో ఒకేచోట వేసే పెంటికల కుప్పలు కూడా మైదానంలో స్పష్టంగా కనిపించాయి. వాటి పక్కన నిలబడితే ఏ జింక రాజ్యం ఎక్కడుందో అర్థమవుతుంది.

ఒక్కచోటికే వెళ్లగలిగితే బైర్లూటికి వెళ్లండి, కనీసం రెండు రాత్రులు ఉండండి. వీలుంటే తిరుగు ప్రయాణంలో ఒక పొద్దు రోళ్లపాడుకి కేటాయించండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా టైగర్ రిజర్వుల్లో సందర్శన ఉండదు. ఫిబ్రవరి దాటితే ఆకు రాలి దారి పక్కన అచ్చులు కప్పేస్తుంది, అప్పుడు దుమ్ము రోడ్లు, నీటి గుంటల అంచులే దిక్కు. బుక్ చేసేటప్పుడే జాడలు నేర్చుకోవడానికి వస్తున్నామని చెప్పి, నడకకి అనుభవమున్న వాచర్‌ని ఇవ్వమని అడగండి. ఆయనకి ఇచ్చే రుసుము దగ్గర బేరమాడకండి, ఈ మొత్తం ఖర్చులో నూటికి నూరుపాళ్లు సార్థకమైన డబ్బు అదే.