'వేర్' క్రియ: కొరియన్లకు పట్టిక మేలా, వాక్యం మేలా?
'వేర్' (wear, ధరించి ఉండడం) అనే ఇంగ్లీషు క్రియను కొరియన్ విద్యార్థులు సొంత భాషలోని అర్థాల పట్టికతోనైనా, వాక్యాలతోనైనా నేర్చుకోవచ్చు. పట్టికలో బట్టలకు వాడే 'ఇప్తా', చెప్పులకు 'షింతా', టోపీకి 'స్సుదా', ఉంగరానికి 'క్కిదా' ఒకే క్రియ కిందికి చేరతాయి. చొక్కా తొడుక్కుని కళ్ళజోడు పెట్టుకునే మనకూ ఈ తేడా పరిచితమే. అసలు చిక్కు మరోచోట ఉంది. 'ఇప్తా' నుంచి వచ్చే 'ఇప్కో ఇత్తా' అంటే కోటు తొడుక్కుంటున్నారనీ, తొడుక్కుని ఉన్నారనీ రెండు విధాలా చెల్లుతుంది కాబట్టి, పట్టికను మాత్రమే నమ్ముకుంటే 'పుట్ ఆన్' అనే చర్యా 'వేర్' అనే స్థితీ కలిసిపోయే ప్రమాదం ఉంది. అందుకే, నిదానమైనా వాక్యాల పద్ధతినే నేను గట్టిగా సమర్థిస్తాను. 'షి ఈజ్ పుటింగ్ ఆన్ హర్ కోట్' పక్కనే 'షి ఈజ్ వేరింగ్ ఎ రెడ్ కోట్' చదివినప్పుడు, మొదటిదానిలో చెయ్యి ఇంకా కోటులోకి దూరుతోందనీ, రెండవదానిలో ఆ పని ముగిసిందనీ విద్యార్థికి స్పష్టమవుతుంది.